కొండ వైపు నిలబడమన్నావు

కొత్తపేట,
9-2-2025, ఆదివారం.

చిరంజీవి యామినికి,

శిరీష వాళ్ళమ్మ బంగారమ్మ దీవించి రాయునది. ఉత్తరమంటే ముందు ఇక్కడ మేము క్షేమం అని రాయాలి. మేము అనడానికి ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే. నువ్వు మాత్రం క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలూ కూడబలుక్కుని చదవడానికి మూడు రోజులు పట్టింది. నాది ఐదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఫోను చేద్దామనుకున్నాను గానీ, నీ గొంతు వింటే ఏడుపొస్తుంది, చెప్పాల్సింది చెప్పలేను.

కొండలకి వెళ్ళడం మానేసేనని రాసేవు. ఆదివారం నడకలకి నీ వెంట వచ్చే పిల్లల్ని కూడా ఇక రావొద్దన్నావట. మీ అమ్మగారు ఎంత బతిమాలినా సరిగ్గా తినడం లేదట. ఆ రోజు నేనేం చెప్పడం మర్చిపోయానో మీరైనా చెప్పండి ఆంటీ అని అడిగేవు.

నువ్వేమీ మర్చిపోలేదమ్మా. శిరీష ప్రతి శనివారం సాయంత్రం ఫోనులో నీ మాటలన్నీ నాకు అప్పజెప్పేది. జట్టు విడిపోకూడదంట, గుర్తు వేసిన దారి దాటకూడదంట, తిన్న తొక్కలు కూడా సంచిలో వేసుకుని తెచ్చుకోవాలంట, పాటలు గట్టిగా పెడితే అక్కడి పిట్టలకి ఇబ్బందంట. పనీపాటా లేక కొండెక్కడమేంటే, ఆ నడకేదో ఇక్కడ కొబ్బరి తోటల్లో నడిస్తే రాలిన మట్టలైనా పొయ్యిలోకి వస్తాయి కదా అనేదాన్ని. అమ్మా, నీకు మేడమెట్లు ఎక్కితేనే ఆయాసం, కొండ సంగతి నీకేం తెలుసులే అని నవ్వేది.

వాళ్ళ నాన్న పోయాక మాకున్నది ఆ ఫోను కబుర్లే. ఇప్పుడు శనివారం ఆ వేళకి ఏ పనీ పెట్టుకోను. ఊరికే కూర్చుంటాను. పక్కింటి సత్యనారాయణమ్మ గారు టీవీ చూద్దురు గాని రండి అని పిలుస్తారు. ఆయ్, వస్తున్నానండి అంటాను, లేవను. దాని బూట్లు మీరు పంపిన సంచిలోనే ఉన్నాయి. మా మన్ను నల్లన, వాటికి అంటింది ఎర్రన. కడగలేదు.

పెద్దకర్మ రోజు నువ్వు వచ్చేవు. నా కూతుర్ని కొండకి అప్పజెప్పి నువ్వు మాత్రం దిగొచ్చేవా అని అందరి ముందూ అన్నాను. నువ్వు తలొంచుకుని, ఆయ్, నాదే తప్పండి అన్నావు. విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్ళిపోయేవు. నిన్ను ఎవరూ ఆపలేదు. ఎవరో ఒకరి మీద పడెయ్యకపోతే ఆ రోజు నేను నిలబడలేకపోయేదాన్ని.

చీపురు పుల్లల మోపు నెత్తిన పెట్టుకుని ఒకావిడ పైనుంచి దిగుతోందని రాసేవు. కొండ వైపు ఒరిగి నిలబడండి అని నువ్వు కేకేసేవు. మిగతా ఆరుగురూ అలాగే నిలబడ్డారు. శిరీష ఒక్కతే బయటి అంచుకి జరిగింది. కాలికింద రాయి కదిలింది. ఇంకా గట్టిగా అరవాల్సింది ఆంటీ అని రాసేవు.

దానికి వినబడే ఉంటుంది తల్లీ.

నువ్వు అన్నం తిను. ఆ పిల్లల్ని మళ్ళీ పిలిచి నడిపించు. నీలా జాగ్రత్త చెప్పేవాళ్ళు లేకుండా వాళ్ళు వెళ్తే నాకింకా భయం.

ఇట్లు,
నీకు తల్లిలాంటి
బంగారమ్మ

మళ్ళీ రాయునది: పైన రాయడానికి చెయ్యి రాలేదు. ఆ ముందురోజు కూడా శిరీష ఫోను చేసింది. ఎవరైనా ఎదురైతే కొండ వైపు నిలబడాలంటమ్మా అంది. నేను కసిరేను. ఇరవై ఏళ్ళు కాయల గంప నెత్తిన పెట్టుకుని చేల గట్ల మీద నడిచినదాన్ని. ఖాళీ చేతులవాళ్ళే చేలోకి దిగి బరువు మోసేవాళ్ళకి గట్టు వదలడం మా దగ్గర మర్యాద. మోతతో వచ్చేవాళ్ళకి లోపలి పక్క వదిలి నువ్వు బయటికి జరగాలని తెలీదా, ఇంత చదువూ ఎందుకే అన్నాను. ఆయ్, అలాగేలే అమ్మా అంది. నేను కొండ ఎక్కి ఎరగను యామినీ. బయటి పక్కంటే నాకు చేనే కనబడింది. మోకాలి లోతు బురద, కడుక్కుంటే పోతుంది అనుకున్నాను. అది ఆఖరికి నా మాట విన్నది. ఈ ఉత్తరం మీ అమ్మగారికి చదివి వినిపించు. ఇక్కడివాళ్ళకి నేనే చెప్పుకుంటాను.