వాసనల వారం

మా ఇంటి మెకానిక్ గారికి,

మీ దర్జీ రాయునది. నేనూ, మన పిడుగూ, కుట్టుమిషనూ ముగ్గురం ఇక్కడ క్షేమం. బస్సు డిపో వాళ్లు పంపిన ఆ ట్రైనింగులో, కొత్త ఇంజన్ల మధ్య నువ్వూ క్షేమంగా ఉండి, వేళకి తింటున్నావని తలుస్తాను.

"పిల్లకి ఫోన్ ఇచ్చేసి నువ్వు బట్టలు కుట్టుకుంటున్నావు కదూ?" అని పోయిన ఉత్తరంలో నిలదీశావు. దాని దగ్గర ఆ పప్పులు ఉడకవు తల్లీ. అందుకే వారానికో ఆట పెట్టాను. సముద్రం వారంలో బట్టలు నానబెట్టే టబ్బు నిండా నీలం నీళ్లు, సబ్బు నురగ, స్పాంజితో కత్తిరించిన చేపలు. స్పాంజి నీళ్లు తాగితే బరువెక్కుతుందని నేను చెప్పలేదు, పిండి పిండి తనే కనిపెట్టింది. ఏది తేలుతుందో ఏది మునుగుతుందో ఇప్పుడు నాకే పాఠం చెబుతోంది. నా చెప్పు తేలుతుంది, నీకు తెలుసా? అడవి వారంలో ఎండుటాకులు, చెట్టు బెరడు, గరుకు గోనె, మెత్తటి మఖమలు ముక్కలు. కళ్లు మూసుకుని తడిమి, "ఇది ఎలుగుబంటి, ఇది కుందేలు" అనేస్తుంది. ఇల్లు ఎలా ఉందో మాత్రం అడక్కు. పక్కింటి పెద్దమ్మ తొంగిచూసి, "ఇదేం చోద్యం నాయనా! పిల్లని ఆడిస్తున్నావా, నువ్వే ఆడుకుంటున్నావా?" అంది. "రెండూనండీ" అన్నాను.

ఇక నీ రెండో ప్రశ్న. "ఫోన్‌లో నన్ను చూసి పారిపోతోంది. నన్ను మరిచిపోతే చెప్పు, అన్నీ మానేసి వచ్చేస్తాను" అన్నావు.

నీకు చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. పోయిన నెల గోడ మీది నీ ఫోటో చూపించి "ఎవరు?" అంటే, "ఆంటీ" అంది. చెబితే ఆ పూటే బస్సెక్కేస్తావని నోరు మెదపలేదు.

ఈ వారం వాసనల వారం. మూతలకు చిల్లులు పెట్టిన డబ్బాల్లో నీ సబ్బు, నీ పౌడరు, నీ తలనూనె సర్దాను, దొంగచాటుగా నిన్ను గుర్తు చేద్దామని. అది వాసన చూసి "సబ్బు", "పౌడరు" అంటూ ఒక్కొక్కటే పక్కన పెట్టేసింది. నాకు నీరసం వచ్చింది. చివరి డబ్బాలో, "ఛీ" అనిపించి నవ్విద్దామని, నీ పనిముట్ల పెట్టెలోని గ్రీజు గుడ్డ కుక్కాను. అది ముక్కుకి ఆనించుకుని మళ్లీ మళ్లీ వాసన పీల్చింది. ఆ తర్వాత డబ్బా పట్టుకుని గుమ్మం దగ్గరికి పరుగెత్తి తలుపు బాదింది.

"నాన్నా, తియ్యి! అమ్మ వచ్చేసింది!"

తలుపు తీస్తే నువ్వు లేవు. ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ సంతోషంతో. డిపో నుంచి రాగానే స్నానమయ్యేదాకా నువ్వు నన్ను దగ్గరికి రానివ్వవు, అందుకే నాకు తెలిసిన నువ్వు సబ్బు వాసనే. అది మాత్రం గుమ్మంలోనే నీ మీదికి దూకేది. దానికి తెలిసిన అమ్మ గ్రీజు వాసన. ఫోటోలో ముస్తాబైన మనిషి ఆంటీ కాక మరేమవుతుంది?

కాబట్టి ట్రైనింగు మానకు, పూర్తి చేసుకునే రా. వచ్చే రోజు మాత్రం పని బట్టల్తోనే, చేతులు కడుక్కోకుండా వచ్చెయ్. ఈసారి గుమ్మంలో దాని వెనక వరసలో నేనూ నిలబడతాను.

ఇట్లు,
పిడుగు వాళ్ల నాన్న