మూత వదులుగా పెట్టిన డబ్బా

2011 అక్టోబర్, బుధవారం. దిల్‌సుఖ్‌నగర్.

తెలంగాణ కోసం చేసిన సమ్మె ఆగి బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి. పొద్దున ఎల్బీనగర్‌లో నాతో పనిచేసే శీనును భీమవరం బస్సెక్కించాను. బంద్‌లకు సరుకు కదలడం లేదని మా రొయ్యల మేత కంపెనీ అటే వెళ్లిపోయింది. నేను వెళ్లలేను. ఉద్యమంలో తిరిగే అన్న ముందు ఆంధ్రా అబ్బాయి శీను పేరెత్తే ధైర్యమే నాకింకా రాలేదు.

మేతలో కలిపే మంచి బ్యాక్టీరియాను బెల్లం నీళ్లలో ఇద్దరం కలిసే పెంచాం. అందులో సగం నిన్న ఒక డబ్బాలో పోసి నాకిచ్చాడు. బస్సు కదిలే ముందు కూడా దాని గురించే చెప్పాడు.

"మూత గట్టిగా బిగించేయకు, గాలి పోవాలి. దారిలో నాది చచ్చిపోతే నీ దగ్గరున్నదే దిక్కు."

పెళ్లి మాట ఎత్తుతాడేమోనని చూశాను. ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇంటికొచ్చేసరికి ఆ డబ్బా పెరట్లో ఎండకు బోర్లించి ఉంది.

"ఏందో బెల్లం నీళ్లు పులిసి వాసనొస్తున్నయ్ బిడ్డా. పారబోసి, బ్లీచింగేసి మంచిగ కడిగిన," అంది అమ్మ.

మంచిదేనమ్మా అన్నాను. ఏడిస్తే ఎందుకని అడుగుతుంది. పులిసిన బెల్లం నీళ్ల కోసమని ఎట్లా చెప్పను?

ఇందాక శీను ఫోన్ చేశాడు.

"నాది బాగానే చేరింది. నీ దాంట్లో బుడగలొస్తున్నాయా?"

వస్తున్నాయన్నాను.

ఫోన్ పెట్టేశాక డబ్బా లోపలికి తెచ్చుకున్నాను. బ్లీచింగ్ వాసన తప్ప ఇంకేం లేదు. మూత మాత్రం వదులుగానే పెట్టాను.