దగ్గరికి వెళ్ళి తీసిన ఫొటో

ఆత్మకూరు,
బుధవారం.

అమ్మకు గోపిక నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అవ్వ, చెల్లెలు అశ్విత, నేను, మన జీవాలు అందరం బాగున్నాము. కువైటులో నీ ఒళ్ళు కూడా బాగుందని తలుస్తాను. నీ ఉత్తరం విజయకుమారి అక్క తెచ్చి ఇచ్చింది. ఆమె శుక్రవారం తిరిగి కువైటుకు వస్తోంది కాబట్టి దీన్ని ఆమె చేతికే ఇస్తున్నాను. ఫోనులో అయితే సగంలోనే నువ్వు ఏడుస్తావు, నేను ఆగిపోతాను. ఈసారి ఆగదలచుకోలేదు.

అవ్వ మోకాలి సంగతి అడిగావు. మాత్రలు వేసుకుంటోంది కానీ మంద వెంట పోవద్దంటే వినడం లేదు. మర్రిపాడు వైపు రెండు వానలు పడ్డాయి, మేతకు కొదవ లేదు.

"నేను పంపిన కెమెరా మంచిది కాదా? వింజమూరు పెళ్ళిలో ఫొటోలు నల్లగా వచ్చినాయంట" అని రాశావు. కెమెరాలో ఏ తప్పూ లేదమ్మా. దాని లెన్సు అంచు మీద 3.5–5.6 అని రాసి ఉంటుంది. లోపలికి వెలుతురు వచ్చే రంధ్రం కంటిపాపలాగా పెద్దదీ చిన్నదీ అవుతుంది. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. జూమ్ చేయకుండా వెడల్పుగా తీస్తే 3.5 దాకా తెరుచుకుంటుంది. దూరంగా ఉన్నవాళ్ళను దగ్గరికి లాగుతూ రింగు తిప్పేకొద్దీ అది 4, 4.5, చివరికి 5.6 అవుతుంది. అక్కడ వెలుతురు సగం కన్నా తక్కువే వస్తుంది. ఫ్లాష్ కూడా అంత దూరం అందదు. ఫొటో నల్లగానో, అలుక్కుపోయినట్టో పడుతుంది. ఎంత జూమ్ చేసినా ఒకే అంకె మీద నిలిచే లెన్సులు వేరే ఉన్నాయి, అవి బరువు, ఖరీదు కూడా. మన లెన్సు పద్ధతి ఇది. తెలిసి వాడుకోవాలి.

ఇది నాకెవరూ నేర్పలేదు. పెళ్ళివాళ్ళు తిట్టి వెళ్ళిన రోజు, స్టూడియోలో గోడమీది క్యాలెండరుకు గురిపెట్టి, రింగు తిప్పుతూ అంకె మారడం చూసి తెలుసుకున్నాను. స్టూడియో ఓనరు శీనయ్య అన్న నా పక్కనే నిలబడి చూశాడు. "అట్లయితే దగ్గరికి పోయి తియ్యాల్సింది గదా. ఎందుకు పోలేదు?" అన్నాడు. నేను కెమెరా సంచిలో పెట్టేశాను.

నీకేమో హాలులో లైట్లు సరిగా లేవని రాశాను. అది సగమే నిజం. నీ అల్లుడు చనిపోయిన సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, పెళ్ళికొడుకు మేనత్త నన్ను మండపం మెట్ల దగ్గరే ఆపింది. నేను తల వంచుకుని చివరి వరుస కుర్చీల వెనక్కి పోయాను. అంత దూరం నుంచి జూమ్ మొత్తం లాగి తీశాను.

పోయిన నెల ఉదయగిరిలో రామనారాయణ గారి మనవరాలు సుధారాణి పెళ్ళి జరిగింది. వాళ్ళు పెద్ద రైతులు, ఊళ్ళో మాట చెల్లేవాళ్ళు. వీడియో శీనయ్య అన్నది, ఫొటోలు నావి. ముహూర్తం పగలు పదకొండుకే అయినా కల్యాణ మండపం లోపల మసకగా ఉంది. జీలకర్ర బెల్లం అయ్యాక నేను మెట్టు ఎక్కబోతుంటే పెళ్ళికూతురి నాయనమ్మ వెంకమ్మ గారు చేయి అడ్డం పెట్టింది.

"నువ్వు ఆడనే ఉండుమ్మే. తాళి కట్టేటప్పుడు నీ నీడ పడకూడదు. జూమ్ ఉండాది గదా, దాంతో తియ్యి."

నాకు వింజమూరు కుర్చీలు గుర్తొచ్చాయి. "అవ్వా, దూరం నించి ఒకసారి తీసినాను, మొహాలు నల్లగా వచ్చినాయి. ఫొటో కావాలంటే నేను పైకి ఎక్కాల. ఎక్కకూడదంటే ఫొటో లేదు. రెండిట్లో ఏదో మీరే చెప్పండి" అన్నాను.

శీనయ్య అన్న వెనక్కి రమ్మని కళ్ళతోనే సైగ చేశాడు. పెళ్ళికూతురి బాబాయి పెంచలప్రసాద్ కోపంగా నా వైపు వచ్చాడు. అయ్యవారు ముహూర్తం దాటిపోతుందని తొందర పెట్టాడు. ఎక్కమని గానీ, ఫొటో వద్దని గానీ ఎవరూ అనలేదు. నేను ఎక్కాను.

పెళ్ళికూతురికి బారెడు దూరంలో మోకాలి మీద కూర్చుని రింగు మొదటికంటా తిప్పాను. మూడు ముళ్ళు పడుతుండగా సుధారాణి కళ్ళెత్తి నన్ను చూసి నవ్వింది. ఆమె కనురెప్ప మీద నిలిచిన అక్షింత గింజ కూడా ఆ ఫొటోలో తెలుస్తోంది.

తర్వాత భోజనాల దగ్గర పెంచలప్రసాద్ అందరి ముందూ నానా మాటలు అన్నాడు. వరికుంటపాడులో వాళ్ళ బంధువులు తమ పెళ్ళికి మమ్మల్ని రావద్దన్నారు. శీనయ్య అన్న రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. మూడో రోజు సుధారాణి ఫోన్ చేసి, ఆ ఫొటో గోడకు పెట్టే సైజులో కావాలంది. అన్న ఇంకొకటి కూడా వేయించి స్టూడియో ముందు తగిలించాడు.

అసలు నీతో చెప్పలేకపోయింది ఇది కాదు. ఆ రోజు ఇంటికి వచ్చి నా పెళ్ళి ఆల్బం తీశాను. మొదటి నుంచి చివరిదాకా నువ్వు ఎక్కడా లేవు. నాయన లేడని నువ్వు వంటల దగ్గరే ఉండిపోయావు. పీటల మీద కూర్చున్న నేను, అమ్మ ఏదని ఒక్కసారైనా అడగలేదు. నిన్ను ఎవరో ఆపారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆపినవాళ్ళలో నేనూ ఉన్నానమ్మా. అందుకు నన్ను క్షమించు.

అశ్వితకు సంబంధం కుదిరిందని ఫోనులో చెప్పాను కదా. పెళ్ళికొడుకు తండ్రి అంకారావు మామ, "మీ అమ్మ అక్షింతలు అయిపోయాక మండపంలోకి వస్తే చాలు" అన్నాడు. "మొదటి అక్షింతలు మా అమ్మే వెయ్యాల మామా. కుదరదంటే ఇప్పుడే చెప్పండి" అన్నాను. పెద్దవాళ్ళను అడగాలన్నాడు. లోపలి నుంచి అశ్విత వచ్చి, "అడగండి మామా. అమ్మ ముందు లేకపోతే నేను పీటల మీద కూర్చోను" అంది. వాళ్ళ జవాబు ఇంకా రాలేదు. ఏది వచ్చినా మా మాట ఇదే.

యజమానురాలిని సెలవు అడుగు. వద్దులే అని రాయకు, రాసినా వినను. శుభలేఖ అచ్చుకు ఇచ్చేశాను. ఆహ్వానించేవాళ్ళ పేర్లలో మొదటిది నీదే, పోలేరమ్మ.

ఇట్లు,
నీ మాట ఈ ఒక్కసారికి వినని
పెద్ద కూతురు
గోపిక