బ్యాచ్ నంబర్ లేని ఉప్పునీళ్లు

జిన్నారం, ఏప్రిల్ 7

కార్మిక సంక్షేమ కమిటీ వారికి,

రెండో బ్లాకు ఆపరేటర్ కామరాజు నమస్కరించి, అంతటితో వినయం ముగించి రాయునది.

ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. మాట్లాడదామని వస్తే ‘రాసి పెట్టెలో వెయ్యండి’ అంటారు. సరే, రాస్తున్నాను.

రెండేళ్ల కింద నాకు పెద్దపేగు తీసేశారు. పొట్ట మీద చిన్న రంధ్రం, దానికి అంటించిన సంచి. తిన్నదీ తాగిందీ అందులోకే వస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సిగ్గుపడాల్సినవి ఈ ఫ్యాక్టరీలో వేరే ఉన్నాయి, వాటి మీద ఇంకో ఉత్తరం రాస్తాను. ఒంట్లో నీటినీ ఉప్పునీ పట్టి ఉంచేది పెద్దపేగు. అది లేదు కాబట్టి ఎండాకాలంలో నా ఒళ్లు ఇట్టే ఎండిపోతుంది. పోయిన నెల లవణాలు పడిపోయి, గుండె లయ తప్పి డ్యూటీలోనే కూలబడ్డాను. ఇంకోసారి ఇలా వస్తే ప్రాణం మీదికొస్తుందన్నారు డాక్టరు. రోజంతా కొంచెం కొంచెంగా ఓఆర్‌ఎస్ తాగాలి.

రసాయనాలుండే బ్లాకు లోపలికి తాగే సీసా తేకూడదు, ఒప్పుకుంటాను. గుమ్మం బయట, చెప్పులు మార్చుకునే చోట, ఒక బల్ల వేసి నా సీసా పెట్టుకోనివ్వండి. ఇది దయ కాదు, హక్కు.

ఇట్లు,
కామరాజు

తా.క.: బల్ల మీ దగ్గర లేకపోతే మా ఇంటి నుంచి తెస్తాను. ఒక కాలు పొట్టిదే గానీ, కమిటీ కన్నా నిలకడగా నిలబడుతుంది.

---

ఏప్రిల్ 15

శ్రీ కామరాజు గారికి,

మీ లేఖ అందినది. కమిటీ మిక్కిలి చింతించినది. మీరు దాహంతో బాధపడుతున్నట్టు గ్రహించి, మీ లాకరు పక్కన ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను ఏర్పాటు చేయడమైనది. రోజుకు ఎనిమిది లీటర్లు తాగి సూపర్‌వైజరు సంతకం తీసుకోవలెను. బల్ల విషయం భవనాల విభాగానికి పంపడమైనది.

కమిటీ తరఫున,
సుమిత్ర, కార్యదర్శి

తా.క.: ఓఆర్‌ఎస్ చల్లని నీళ్లలో కలపాలా, మామూలు నీళ్లలోనా? రికార్డు కోసం.

---

ఏప్రిల్ 16

చింతించిన కమిటీ వారికి,

ఎనిమిది లీటర్లా! మనిషిని చంపడానికి ఇంత చవకైన పద్ధతి కనిపెట్టినందుకు మీకు అవార్డు ఇవ్వాలి.

నాబోటివాడు వట్టి నీళ్లు అదేపనిగా తాగితే, అవి ఒంట్లో ఉన్న ఉప్పును కూడా వెంటబెట్టుకుని సంచిలోకి జారిపోతాయి. తాగినకొద్దీ ఎండిపోవడం విడ్డూరంగానే ఉంటుంది. కానీ నా శరీరం మీ తీర్మానాలు చదవదు. లవణాలు తగ్గితే గుండె మధ్యలో ఒక దెబ్బ ఎగ్గొట్టి, ఆ లోటు పూడ్చడానికి మూడు ఒక్కసారే కొడుతుంది, అచ్చం మన ప్రొడక్షన్ టార్గెట్ల లాగా. నాకు కావాల్సింది ఉప్పూ లవణాలూ కలిసిన నీళ్లు. దాని సీసాకు, దూరంగా లాకరు దగ్గర కాదు, గుమ్మం దగ్గరే ఒక బల్ల. అంతే.

మీ నీళ్లు తాగని,
కామరాజు

తా.క.: మామూలు నీళ్లలోనే. అయినా తాగేది నేనైతే, రికార్డుకెందుకు?

---

ఏప్రిల్ 24

శ్రీ కామరాజు గారికి,

మీ లేఖలో గుండె ప్రస్తావన ఉన్నట్టు కమిటీ గమనించినది. హాలులోని ఆరోగ్య పోస్టరు ప్రకారం గుండె జబ్బువారికి ఉప్పు ప్రమాదకరం. కావున రేపటి నుండి క్యాంటీన్‌లో మీకు ఉప్పు లేని భోజనం, ప్రత్యేక టేబుల్, దానిపై మీ పేరుతో బోర్డు మంజూరు చేయడమైనది.

కమిటీ తరఫున,
సుమిత్ర, కార్యదర్శి

తా.క.: ఎండకు చెమట పట్టి సంచి ఊడిపోతే ఏం చేస్తారు? రికార్డు కోసమే.

---

ఏప్రిల్ 25

పోస్టరు చదివే కమిటీ వారికి,

ఇవాళ ఆ బోర్డు ముందు కూర్చున్నాను. అందరూ నన్ను జూలో జంతువును చూసినట్టు చూశారు. వడ్డించే పోశమ్మ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

“ఏంది సార్ గిది? ఉప్పు లేని పప్పు గొడ్డు గూడ ముట్టది. నువ్వేం తప్పు జేసినవ్?”

“గుమ్మం దగ్గర బల్ల అడిగాను.”

“గంతదానికి గింత శిక్షనా! ఇగో, జెర జేబుల ఏస్కో, ఎవలన్న సూస్తరు” అని కాగితంలో చుట్టిన ఉప్పు నా చేతిలో కుక్కింది. ఉప్పు కోసం సముద్రం దాకా నడిచిన దేశమండీ ఇది! నేను క్యాంటీన్ దాకా నడిచి, దొంగ సరుకులా తెచ్చుకోవాలా?

మీకు తెలుగు ఎక్కడం లేదు కాబట్టి ఫ్యాక్టరీ భాషలో రాస్తున్నాను. నా అవసరం: సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, ట్రైసోడియం సిట్రేట్, గ్లూకోజ్. తగిన పాళ్లలో, నీటిలో కరిగించి, రోజూ, రెండో బ్లాకు గుమ్మం బయట.

జేబులో ఉప్పుతో,
కామరాజు

తా.క.: చర్మం కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, కొత్త సంచి అంటించి కాసేపు అరచేత్తో అదిమి పడతాను. మూడోవంతు నిండగానే ఖాళీ చేస్తే బరువుకు ఊడదు. లాకరులో ఒక జత బట్టలు ఉంచుతాను. ఇన్ని అడుగుతోంది, మీ రికార్డు కూడా పొట్టకు సంచి పెట్టుకుందా ఏమిటి?

---

మే 4

శ్రీ కామరాజు గారికి,

మీ ముడిసరుకుల ఇండెంటు అందినది. స్టోర్స్ వారు పారిశ్రామిక సోడియం క్లోరైడ్ యాభై కిలోల బస్తా, ‘తినుటకు కాదు’ అను ముద్రతో, మీ గుమ్మం బయట దింపించినారు. పొటాషియం క్లోరైడ్ విషయమై భద్రతా విభాగం వివరణ కోరుచున్నది: మీరు తయారుచేయుచున్న ఉత్పత్తి ఏది? అనుమతి ఇచ్చినది ఎవరు? బ్యాచ్ నంబర్ ఎంత?

మరియు, మీరు ఉద్యోగానికి అర్హులా కాదా తేల్చుటకు మే 12న మెడికల్ బోర్డు ఎదుట హాజరు కావలెను.

కమిటీ తరఫున,
సుమిత్ర, కార్యదర్శి

తా.క.: సంచి నిండుతుందని భయపడి తాగడమే మానేసేవాళ్లకు ఏమవుతుంది? దీనికి మాత్రం జల్దీ జవాబివ్వండి. రికార్డు కోసం.

---

మే 5

కమిటీ వారికి,

ఉత్పత్తి: కామరాజు. అనుమతి ఇచ్చినవారు: మా అమ్మానాన్నలు. బ్యాచ్ నంబర్: మా ఇంట్లో మూడో సంతానాన్ని, కాబట్టి మూడు.

ముప్పై ఏళ్లు పని చేయించుకున్నారు, ఒక్కరోజైనా నా పేగులు లెక్కపెట్టలేదు. సీసా గుమ్మం దగ్గరుంటే నేను పనికొచ్చేవాణ్ణి. లేకపోతే కూలబడతాను, అప్పుడు పనికిరానివాణ్ణని రాసి ఇంటికి పంపుతారు. ఇంట్లో నా జీతం మీద బతికేవాళ్లు ముగ్గురున్నారు. అనర్హత నా పొట్టలో లేదు, మీ గుమ్మం దగ్గరుంది. పన్నెండున బోర్డు ముందు ఇదే చదువుతాను, గట్టిగా.

ఇంకా బతికే ఉన్న,
కామరాజు

తా.క.: తాగడం మానేస్తే నాలాగే కూలబడతారు. కిడ్నీలూ గుండే రెండూ దెబ్బతింటాయి. తల తిరిగినా, గుండె దడగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి పోవాలి, కమిటీకి ఉత్తరాలు రాస్తూ కూర్చోకూడదు. ఎవరండీ ఆ మనిషి?

---

మే 9

కామరాజన్నా,

ఇగ ఆఫీసు భాష పక్కన పెడుతున్న. మీకొచ్చిన ఉత్తరాలన్నీ కమిటీ అయిదుగురు చెప్తుంటె నేను టైపు కొట్టినయి. కింద తాజా కలం ఒక్కటే నాది.

పోయిన ఏడాది నాకు గూడ మీ ఆపరేషనే అయింది. ఆఫీసుల ఎవ్వరికీ చెప్పలే. ఆడోళ్ల బాత్రూం ఎక్కడో మూడో బ్లాకుల ఉంది. మాటిమాటికి పోతె అడుగుతరని డ్యూటీల ఏం తాగకపోయేదాన్ని. గుండె దడదడ కొడితె టెన్షన్ అనుకున్న. మీ అయిదో తారీఖు ఉత్తరం చదివి, గట్లనే పర్సు తీస్కొని దవాఖానకు పోయిన. “ఇంక రెండు రోజులాగితే పడిపోతుంటివమ్మా” అన్నడు డాక్టరు. సెలైన్ ఎక్కించి పంపిండు.

నిన్న మీటింగుల మీ ఉత్తరం చదివి వినిపించిన. “ఒక్క మనిషి కోసం రూలు మారుస్తమా?” అన్నడు ఛైర్మన్. “ఒక్కరు గాదు సార్, ఇద్దరం. మెడికల్ బోర్డుకు నన్ను గూడ పిలువుండ్రి” అని లేచి నిలబడ్డ. పది నిమిషాలల్ల బోర్డు రద్దయింది, సీసాలకు పర్మిషనొచ్చింది. సోమవారం నుంచి ఎర్ర మూతది మీది, నీలం మూతది నాది.

భవనాల విభాగం బల్ల ఇంకా ఇయ్యలే. మీ ఇంటిదే తేండ్రి. పొట్టి కాలు కింద ఆ ఆరోగ్య పోస్టరు మడిచి పెడుదాం.

ఉంటానన్నా,
సుమిత్ర

తా.క.: బ్యాచ్ నంబర్ లేకుంటె సీసాలు కదలనియ్యమంటున్నరు భద్రతోళ్లు. ఫారంల మీకు మూడు రాసిన. మీ తర్వాత పుట్టినదాన్నని నాకు నాలుగు రాసుకున్న. రికార్డు కోసం.