మల్లిగాడు ఓడెక్కిండు

రాజన్నా,

నీ కంచంలోని ముద్ద తీసిపెట్టి సాకిన కుక్క ఈ రోజు ఓడెక్కింది. మనం పనిచేసే ఇంటి మేడమ్ వాళ్లు మంచం, పొయ్యి, అన్నీ ఉన్న ఆ పెద్ద బండిని ఓడలోకి ఎక్కించుకుని, సముద్రం అవతలి దేశం చూడటానికి వెళ్లారు. వాళ్లు ఏ పేరుతో పిలిచినా నీకది మల్లిగాడే కదా. వాడి టీకాలు, కాగితాలు, టికెట్టు వారం తిరక్కుండానే తయారయ్యాయి. నీ శవానికి కాగితాలు కుదరకే నిన్ను ఇబ్రహీంపట్నంలోని ఇంటికి పంపకుండా, ఈ గల్ఫ్ ఇసుకలోనే పూడ్చారు.

నిన్న నేను బండి సర్దుతుంటే మల్లిగాడు ఎంత పిలిచినా లోపలికి ఎక్కలేదు. మన గదిలోకి ఉరికి, నీ గళ్ల చొక్కాను నోట కరుచుకొచ్చి దాని మీద పడుకున్నాడు. నీ భార్య కోసం నేను దాచిన చొక్కా అది. "ఉతకకుండ పంపు తమ్మీ, ఆయన వాసనన్న ఉంటది" అని లచ్చవ్వ వదిన అడిగింది.

మేడమ్‌కు ఆ మాట చెప్పాను. ఆమె కుక్క తల నిమురుతూ, "పాతది దీనికే ఉండనీ. వాళ్లకు కొత్త చొక్కా కొని పంపుదాం" అంది. నేనే దాన్ని బండిలో పరిచాను. మల్లిగాడు ఎక్కి, అందులో ముక్కు దూర్చి నిద్రపోయాడు.

ఈ సాయంత్రం వదిన ఫోన్ చేసింది.

"చొక్కా పంపినవా తమ్మీ?"

"అది చినిగిపోయింది వదినా" అన్నాను.

"చినిగితే ఏంది? పంపు, కుట్టుకుంట" అంది.