ముప్పై భాగాల ఉపవాసం

షాబాన్ ఆఖరి రోజు. మధ్యాహ్నం.

చొక్కాలు 31, ప్యాంట్లు 14, పొడవాటి గలాబియ్యా అంగీలు 9.

ఈ పుస్తకంలో ఇరవై ఏడేళ్ళుగా బట్టల లెక్క తప్ప మరొకటి రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. రేపటి నుంచి రంజాన్. రేపటి నుంచే టీవీలో ‘ఏటి అడుగు పట్నం’ సీరియల్. ముప్పై రోజులు, ముప్పై భాగాలు, సరిగ్గా ఇఫ్తార్ వేళకి.

నేను చూడను!

కారణం రాసిపెట్టుకోవాలి. ఈ షుబ్రా పేటకు వచ్చినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. అక్షరాలు విడివిడిగా తెలుసు, అవి గుంపుగా వస్తే భయం. మా మేస్త్రీ ఉస్తా ఖలఫ్ ఈ కొట్లో నాకు ఇస్త్రీ పని నేర్పారు. ఆయనకు అక్షరాలూ తెలియవు. ఒకరోజు ఎవరిదో కోటు జేబులో చిన్న పుస్తకం దొరికింది. “చదవరా. చేతులకి పనుంది, చెవులు ఖాళీగానే ఉన్నాయి” అన్నారు. కూడబలుక్కుంటూ చదివితే తొమ్మిది రోజులు పట్టింది. కోటాయన రోజూ వచ్చి అడిగేవాడు. మరక మొండిదని ఉస్తా రోజూ చెప్పేవారు. కోటు మీద మరకే లేదు.

అది ‘ఏటి అడుగు పట్నం’ మొదటి పుస్తకం. తరువాతి ముప్పై కూడా కొని ఆయనకు వినిపించాను. నైలు నది అడుగున పట్నం. దాని ద్వారం కాచేవాడు హమ్దూన్. పొట్టి, బట్టతల, నత్తి. తోడుగా ఒంటికన్ను కొంగ. కొంగ నోరు తెరిస్తే అబద్ధమే. హమ్దూన్ అది చెప్పింది శ్రద్ధగా విని, దానికి ఎదురు చేసి, ప్రతిసారీ బతికిపోతాడు. “వీడు నేనే కదరా!” అనేవారు ఉస్తా. అప్పటి నుంచి నా తలలో హమ్దూన్‌కి ఆయన ముఖమే.

ఉస్తా పోయి పద్దెనిమిదేళ్ళు. ఫోటో ఒక్కటీ లేదు. కెమెరా కనిపిస్తే వీధి మారేవారు. పుస్తకం తెరిస్తే మాత్రం వచ్చేస్తారు. సీరియల్లో హమ్దూన్ వేషం ఎవరో కండలవాడిదట. ఒక్కసారి చూశానా, ఉస్తా పోయినట్టే.

నియమాలు: చూడరాదు. వినరాదు. అడగరాదు.

పక్క కొట్లో గడియారాలు బాగుచేసే వదీ కూడా ప్రమాణం చేశాడు. అతనికి రంజాన్ లేదు, సిలువ మీద ఒట్టేశాడు. ముప్పై ఒక్క పుస్తకాలూ అతనికీ కంఠతా వచ్చు.

రంజాన్ 1

చొక్కాలు 18. టీవీకి వీపు పెట్టి ఇఫ్తార్ చేశాను. చాలా తేలిక!

నా భార్య ఇన్సాఫ్: “ఏమయ్యా, కూర నీకు వడ్డించాలా, నీ వీపుకా?”

చెవుల్లో దూది ఉంది. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను.

రంజాన్ 3

మెట్రో స్టేషన్ ఎదుట మూడంతస్తుల బోర్డు, దాని మీద ఆ నటుడి ముఖం అట. తల దించుకుని నడుస్తున్నాను. మసీదులో షేక్ గారు నన్ను చూపించి, “రంజాన్‌లో చూపు ఎలా అదుపులో పెట్టుకోవాలో బయూమీని చూసి నేర్చుకోండి” అన్నారు. కాదనలేదు.

రంజాన్ 6

ప్రమాదం! ఇస్త్రీ బట్టలు చుట్టే పాత పేపర్ల నిండా వాడే. కళ్ళు మూసుకుని పొట్లాలు కట్టాను. స్కూలు మేడమ్ గారి ఇంటికి కసాయి గలాబియ్యా వెళ్ళింది. కసాయి తన పొట్లంలో ఏం వచ్చిందో చెప్పడం లేదు, తిరిగి ఇవ్వడమూ లేదు.

రంజాన్ 9

మధ్యాహ్నం 3. నీళ్ళు చిమ్మే సీసా మూతి పూడిపోయింది. పాతకాలంలో ఇస్త్రీవాళ్ళం నోటినిండా నీళ్ళు పట్టి బట్ట మీద తుంపరలా ఊదేవాళ్ళం. ఉస్తా ఊదితే మంచు పడ్డట్టు ఉండేది. చెయ్యి అలవాటుగా చెంబు ఎత్తింది, నోటినిండా నీళ్ళు. ఉపవాసమని గుర్తొచ్చి ఊసేయబోతున్నాను.

సరిగ్గా అప్పుడే గోడవతల నుంచి ఆడపిల్ల గొంతు: “హమ్దూన్, నేనే నీ కొంగని. నీతో ఎప్పుడూ నిజమే చెబుతాను.”

గుటుక్కున మింగాను.

వదీ కొట్లోకి పరుగెత్తాను. టీవీలో నిన్నటి భాగం మళ్ళీ వేస్తున్నారు, దాని ముందు టీ గ్లాసుతో కూర్చున్నాడు.

“రిపేరుకొచ్చిందిరా!” అన్నాడు.

“నువ్వు బాగుచేసేది గడియారాలు.”

“సరిగ్గా టైముకి వస్తోందో లేదో చూడమన్నారు.”

సాయంత్రం షేక్ గారిని అడిగాను. “పొరపాటున మింగావా, కోపంతో మింగావా?”

“కొంగని అమ్మాయిని చేసేశారు, మౌలానా!”

“ఇంకొక్క రోజు ఉపవాసం ఉండు, పోయేదేముంది.” గొంతు తగ్గించి, “నాకూ ఆ కొంగ నచ్చలేదు” అన్నారు.

రంజాన్ 10

నియమం సవరించాను. వినడం చూడటం కాదు. దూది తీసేశాను. దూది చెవికి మంచిది కాదని ఎవరో అన్నారు. ఎవరన్నారో గుర్తులేదు.

రంజాన్ 12

విన్నాను గనుక న్యాయంగా ఒక్కసారి చూడాలి. చూడకుండా తిట్టడం అన్యాయం. రంజాన్‌లో అన్యాయం అసలు పనికిరాదు. కొంగ వచ్చే ఘట్టాలు మాత్రమే చూస్తాను. హమ్దూన్ వస్తే కళ్ళు మూసుకుంటాను.

తరువాత: కొంగ, హమ్దూన్ ఎప్పుడూ కలిసే వస్తారు. ఈ సంగతి ముందే ఆలోచించవలసింది.

రంజాన్ 13, 14, 15

చూశాను. చూశాను. చూశాను.

తప్పులు ఇప్పటికి 46. హమ్దూన్‌కి ఆరడుగుల ఎత్తు, తలనిండా జుట్టు. నత్తి లేదు. పైగా పాడుతున్నాడు! ఏటి అడుగున గుర్రం ఎక్కాడు! దుమ్ము కూడా రేగింది!

ఇన్సాఫ్ చెంచా కింద పెట్టింది. “చూడనన్నప్పుడు వీపు భరించాను. ఇప్పుడు నోరు భరించాలా? నాకు వాడే బాగున్నాడు. మీ హమ్దూన్‌ని టీవీలో చూపిస్తే ఇఫ్తార్‌కి ముందే జనం పడుకుంటారు.”

రంజాన్ 17

చొక్కాలు 40. నాలుగో పుస్తకం తీశాను. హమ్దూన్ ద్వారం తెరిచే చోటు. నాకు చాలా ఇష్టమైన పేజీ.

ద్వారం తెరిచింది వాడు. ఆరడుగులవాడు.

కళ్ళు మూసుకుని ఉస్తాని పిలిచాను. మీసం వచ్చింది. మీసం ఒక్కటే వచ్చింది.

రంజాన్ 20

వదీని అడిగాను. “ఉస్తా ముఖం ఎలా ఉండేది?”

“అదేం ప్రశ్నరా? బట్టతల. ముక్కు... ముక్కు ఉండేది.”

“ఎలాంటి ముక్కు?”

చాలాసేపు భూతద్దం తుడిచాడు. “ఒరే బయూమీ, నాకూ వాడే వస్తున్నాడురా. గుర్రంతో సహా.”

“ఒట్టేసి తప్పావు, అందుకే.”

“నువ్వు చెవుల్లో దూది పెట్టుకుని తప్పావు. ఇద్దరిలో ఎవడు పెద్ద దొంగ?”

అయిదు నిమిషాలు మాట్లాడుకోలేదు. తరువాత కొంగ గురించి మాట్లాడుకున్నాం.

రంజాన్ 21

మళ్ళీ మొదలు! వీపు, దూది, మూడు నియమాలు. ఈసారి ఖాయం. చూడటం మానేస్తే ఉస్తా తిరిగి రావచ్చు.

రంజాన్ 22

ఇరవై రెండో భాగంలో హమ్దూన్‌ని కొంగ మోసం చేస్తుందని పాలవాడు చెప్పాడు. నేను అడగలేదు. అతనే చెప్పాడు. అబద్ధమో నిజమో తేల్చుకోవాలి కదా.

చూశాను. నిజమే.

రంజాన్ 26

చూస్తున్నాను. రాయడానికి ఏమీ లేదు. పుస్తకాలు బీరువా పైన పెట్టేశాను. తెరవడానికి భయంగా ఉంది. ఇప్పుడు మీసం కూడా రావడం లేదు.

రంజాన్ 30. రేపు పండుగ.

పొద్దుటి నుంచి లెక్క రాసే తీరిక లేదు. వీధి మొత్తం బట్టలు ఈ కొట్లోనే. ఇఫ్తార్‌కి ఇంటికి పోలేదు, ఖర్జూరం నోట్లో వేసుకుని ఇస్త్రీపెట్టె పట్టాను. ఇన్సాఫ్ గిన్నె పట్టుకుని ఇక్కడికే వచ్చింది. గోడవతల ఆఖరి భాగం పాట మొదలైంది.

సీసా మూతి మళ్ళీ పూడిపోయింది. బల్ల మీద షేక్ గారి పండుగ గలాబియ్యా. ఉపవాసం ఎలాగూ ముగిసింది. చెంబు ఎత్తాను, బుగ్గలు నింపాను.

ఇన్సాఫ్ పకపకా నవ్వింది. “అదిగో! మీ ఉస్తా! మన పెళ్ళికి ముందు మా అమ్మతో కొట్టుకి వచ్చినప్పుడు అచ్చం ఇలాగే ఉన్నాడు. బుగ్గలు రెండు కుండలు, కళ్ళు బయటికి. మాట్లాడబోయి మా అమ్మ మీద ఊదేశాడు!”

తల తిప్పాను. కిటికీ అద్దంలో ఆయన ఉన్నారు. ఉబ్బిన బుగ్గలు, వాటి మధ్య నలిగిపోయిన ముక్కు, పొడుచుకొచ్చిన కళ్ళు. బయట ఎవరైనా తన చొక్కా అడగడానికి వచ్చారేమోనన్న ఆ బెదురు. నాకు బట్టతల వచ్చిందని ఇన్నాళ్ళు బాధపడ్డాను.

నవ్వు ఆగలేదు. నీళ్ళన్నీ షేక్ గారి గలాబియ్యా మీద.

ఆ చప్పుడుకి వదీ పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు. “ఉస్తా...” అన్నాడు. తరువాత, “మళ్ళీ చెయ్యరా. ఇంకొక్కసారి.”

మూడుసార్లు చేశాను. నాలుగోసారి ఇన్సాఫ్ చేసింది, అస్సలు రాలేదు. గోడవతల ఆఖరి భాగం ఎవరూ చూడకుండానే అయిపోయింది.

కాబట్టి నా ప్రమాణం మొత్తానికి ఆఖరి రోజు నిలిచింది.

షవ్వాల్ 1. పండుగ. పొద్దున.

నమాజు అయింది. షేక్ గారి గలాబియ్యా ఛాతీ దగ్గర ఇంకా తడి. నేను ఆఖరి వరుస నుంచే బయటపడ్డాను.

ఇంటికి వచ్చి నాలుగో పుస్తకం తీశాను. ద్వారం తెరుచుకుంది. పొట్టివాడు వచ్చాడు. నోరు నిండా నీళ్ళున్నట్టు బుగ్గలు ఉబ్బించి, నత్తిగా, “ఎ... ఎవరది?” అన్నాడు.

నేనే ఉస్తా, అన్నాను.

సీరియల్ రెండో భాగం వచ్చే రంజాన్‌కట. పాలవాడు చెప్పాడు. నేను అడగలేదు.

ఈసారి చూడను! నియమాలు ఇప్పుడే రాస్తున్నాను, పదకొండు నెలల ముందే: చూడరాదు. వినరాదు. అడగరాదు. అద్దం దగ్గరే చెంబు ఉంచాలి.

ఆఖరికి కొంగ ఏమైందో వదీకి కూడా తెలియదట. మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ వేస్తారు. అది ఈ ఏటిది, వచ్చే ఏటి లెక్కలోకి రాదు.