దేవర పొట్టేలు చెవి

కళ్యాణదుర్గం,
ఆగస్టు 3.

చిరంజీవి పద్మప్రియకు నాయన ఆశీర్వదించి రాసే జాబు.

ఇక్కడ నేనూ మీ అమ్మా మన నలభై రెండు గొర్రెలూ అందరం క్షేమం. నువ్వూ క్షేమమనే రాశావు గానీ హాస్టలు భోజనం గురించి ఒక్క మాటా రాయలేదు కనుక మీ అమ్మ సగమే నమ్మింది. ఫోన్లు లోపలికి రానివ్వని కాలేజీ దొరకడం మన అదృష్టమని నేనంటాను. లేకపోతే కూతురి చేతిరాత చూసే యోగం నాకెక్కడిది? అక్షరాలు మాత్రం కోడి గీకినట్టున్నాయి. ఆ విషయంలో నువ్వు అచ్చం నా కూతురివే.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. పోయిన నెలాఖరులో ఒక పదును వాన పడింది. మూడెకరాల్లో శనక్కాయ వేశాం, మధ్యలో కంది సాళ్ళు. మొలక బాగుంది. ఇక పై వాన సంగతి మేఘాలను అడగాలి, నన్ను కాదు. బొల్లి గొర్రె ఈనింది, ఆడపిల్ల. నువ్వడిగిన నిప్పట్లు మీ పెద్దమ్మ కొడుకు ఆంజి చేత ఈ జాబుతో పాటే పంపుతున్నాం. వాడు కదిరి బస్సులో కండక్టరు కదా, దారిలో వాడు తినగా మిగిలినవి నీవి.

నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. పదిహేనో తేదీన మీ కాలేజీలో స్వాతంత్ర్య సమరయోధుడి వారసురాలిగా మాట్లాడమన్నారనీ, మీ ముత్తాత బయ్యన్న ఏ జైలులో ఎన్ని నెలలున్నాడో రాయమనీ అడిగావు. నీ జాబు వచ్చి తొమ్మిది రోజులైంది. ఇంత చిన్న సంగతికి ఇన్ని రోజులా అని తిట్టుకునే ఉంటావు. కారణముంది. ముందు జరిగింది విను, సగం నీకు తెలిసినదే అయినా విను.

ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది అది. సముద్రం ఒడ్డు వాళ్ళు ఉప్పు వండారు, మనకు సముద్రమెక్కడిది? ఉన్నది గుట్ట. తాతల నాటి నుంచి మన గొర్రెలు మేసిన ఆ గుట్టను దొరల ప్రభుత్వం రిజర్వు అడవి చేసి, పుల్లరి కట్టనిదే గడ్డిపరక ముట్టకూడదంది. కట్టని మందను బందెల దొడ్డికి తోలేవారు. చెవి కోత చూసి గొర్రె ఎవరిదో తేల్చి జరిమానా వేసేవారు. మనలో ఇంటికొక కోత ఉంటుందని నీకు నేను చెప్పాలా, ఒకరు ఎడమ చెవి కొన తీస్తే ఇంకొకరు కుడి చెవి చీలుస్తారు.

ఊళ్ళో గొర్రెలున్న వాళ్ళంతా ఒకటై ఒక పని చేశారు. మూడు వందల గొర్రెలకూ పాత గుర్తులు పోయేలా రెండు చెవుల కొనలూ కోసి, పసుపు అద్ది, పుండ్లు మానాక అన్నిటినీ కలిపి గుట్టకు తోలారు. గార్డులు పట్టుకొచ్చి దొడ్డిలో పెట్టారు. ఎవరివి అంటే ఎవరూ పలకరు. ఎవరివో తెలియని గొర్రెలకు జరిమానా ఎవరి మీద వేస్తారు? పైగా దొడ్డిలో ఉన్నన్నాళ్ళూ మేతా నీళ్ళూ సర్కారే చూడాలి. వేలం వేస్తే పాడేవాడు లేడు. మేత చాలక ఆ మూడు వందలూ పగలంతా అరుస్తుంటే రేంజరుకు పిచ్చెక్కింది. వారం తిరిగేసరికి దొడ్డి తలుపు తీసి వదిలేశారు. చేతిలో కర్ర కూడా ఎత్తకుండా మనవాళ్ళు దొరల సర్కారును అలా ఓడించారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పొంగుతుంది. ఇంతవరకూ నీకు తెలిసినదంతా నిజమే.

తెలియనిది చెబుతున్నాను. ఆ మందలో చెవి కొనలు కోయని, పిల్లప్పటి పాత గుర్తు అలాగే ఉన్న పొట్టేలు ఒకటుంది. అది మన బయ్యన్నది. దేవరకు విడిచిన పొట్టేలు మీద దేవర జాతరలో బలిచ్చే రోజు దాకా కత్తి పడకూడదు, చుక్క నెత్తురు కారినా మొక్కు చెడుతుందని మనవాళ్ళ పట్టింపు. పోనీ ఇంట్లోనే కట్టేస్తే పోయేది కదా అంటావు. మందను నడిపించేది అదే, అది ముందు నడవకపోతే మిగతావి కదలవు. ఆయన దేవరకు భయపడ్డాడు, ఊరికి మాటిచ్చాడు. ఎవరికీ చెప్పకుండా దాన్ని అలాగే మందలో కలిపేశాడు.

నాలుగో రోజు అది రేంజరు కంట పడింది. ఊరివాళ్ళను దొడ్డి ముందు నిలబెట్టి ఈ చెవి గుర్తు ఎవరిదని అడిగాడు. ఒక్కడు దొరికితే కొట్టి మిగతా పేర్లన్నీ చెప్పిస్తాడని అందరికీ తెలుసు. బయ్యన్న తల వంచుకున్నాడు. అప్పుడు మారెక్క ముందుకొచ్చింది. భర్త పోయి, రెండేళ్ళ కొడుకుతో ఉన్న మనిషి. అసలు చెవులు కోద్దామన్న ఆలోచనే ఆమెది.

“అది నాది. అన్నీ నేనే తోలితి. ఇంగెవురినీ అడగొద్దండి” అన్నది.

మిగతా గొర్రెలు ఎవరివో తేలలేదు గానీ, వాటిని తోలిన నేరానికి రాయవేలూరు జైలులో మూడు నెలలు ఉండి వచ్చింది మారెక్క. మీ ముత్తాత ఒక్క రోజు కూడా జైలుకు పోలేదమ్మా.

ఇది నాకు చెప్పింది బయ్యన్న భార్య, మా జేజి. ఆ మూడు నెలలూ మారెక్క కొడుకును సాకింది ఆమే. బయ్యన్న మారెక్క గొర్రెలను తన మందతో పాటు మేపి, ఒక్కటి తగ్గకుండా అప్పగించాడు. తాను జైలుకు పోయానని ఆయన ఎన్నడూ అనలేదు. పొట్టేలు మనది కాబట్టి జైలుకు పోయిందీ మనవాడే అయ్యుంటాడని పక్క ఊళ్ళవాళ్ళు అనుకున్నారు, మా నాయన ఔనన్నాడు. అందరికంటే పెద్ద అబద్ధం నాది. స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై ఐదేళ్ళయిందని మన బడిలో రాయి నాటినప్పుడు, హెడ్మాస్టరు పేరు అడిగితే, నిజం తెలిసీ బయ్యన్న పేరు రాసిచ్చాను. నాకు శాలువా కప్పారు, కప్పించుకున్నాను. నువ్వు ఆ రాయిని తడిమి చూసుకుంటుంటే ఇక నోరు పెగల్లేదు. ఇన్నాళ్ళూ మింగలేక కక్కలేక ఉన్న మాట ఇది.

నా అబద్ధాన్ని నువ్వు నలుగురిలో నిలబడి చెబుతావని తలచుకుంటేనే అన్నం సయించలేదు. నిన్న పొద్దున మారెక్క మనవడు జయరాముడన్న దగ్గరికి వెళ్ళాను. ఆ రెండేళ్ళ బిడ్డ ఈయన తండ్రే. గొర్రెలకు నట్టల మందు తాపుతున్నాడు. నేనూ ఒక్కొక్కదాన్నే పట్టిస్తూ మొదటి నుంచీ అంతా చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను, కొడితే పడదామనే వెళ్ళాను. ఆయన పని ఆపలేదు.

“మాకు తెలీదనుకుంటివా తిప్పేశా? మా జేజి చెప్పిండాది. వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా అడగొద్దని గూడా చెప్పిండాది. మా నాయన ఎదురుజూసి ఎదురుజూసి పోయినాడు” అన్నాడు.

గొర్రెను పట్టుకునే ఏడ్చాను, నీ దగ్గర దాచేదేముంది. రాయి మార్పిస్తానన్నాను.

“మార్పిచ్చుకో. రాయిని ఎవురు సదువుతారప్పా? మీ పాప మాట్లాడతాండాదంట గదా కదిరిలో. మీ ఇంటి నోట ఒగసారి వింటే సాలు. నేనూ వస్తా.”

హెడ్మాస్టరుకు నిన్ననే అంతా రాసిచ్చాను, రాయి మీద పేరు మారుస్తామన్నారు. పదిహేనున మేమిద్దరం, జయరాముడన్న, ఆయన భార్య ఈశ్వరక్క మొదటి బస్సుకే బయలుదేరి వస్తున్నాం. నిన్ను మాట్లాడమన్న మీ కృపాకుమారి మేడమ్‌కు ముందే నిజం చెప్పు. వారసురాలివి కాకపోతే వేదిక ఎక్కనివ్వరేమోనని భయపడకు. ఈ కథ విన్న టీచరు ఎవరూ నిన్ను కిందికి దిగమనరు. మీ ముత్తాత తల వంచుకున్నాడని చెప్పు, అందరితో పాటు గుట్ట ఎక్కాడనీ చెప్పు. రెండూ నిజమే. సిగ్గనిపిస్తే అది నా సిగ్గు, నీది కాదు. నువ్వు చెప్పగలవు, నాకు అనుమానమే లేదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. మారెక్క పేరు వచ్చినప్పుడు గట్టిగా పలుకు తల్లీ. తొంభై ఐదేళ్ళుగా మన ఇంట్లో ఆ పేరు తలుపులు వేసుకునే పలుకుతున్నాం.

ఇట్లు,
నీ నాయన,
తిప్పేష్